ఒరెస్తే గారి నీలం టైల్స్

“పగలగొట్టు మేస్త్రీ! నేను చెబుతున్నాగా, పగలగొట్టు!” అని అరిచింది కింది ఇంటి నెలిదా.

ప్లంబర్ గొదోయ్ సుత్తి ఎత్తలేదు. ఎత్తినా దెబ్బ వెయ్యడానికి చోటేదీ? ఇంటాయన ఒరెస్తే బాత్‌రూమ్ నేల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కొట్లన్నీ తిరిగి, ఏరికోరి, ఈమధ్యే వేయించుకున్న నీలం టైల్స్ అవి. పెళ్లయిన రోజున కూడా ఆయన అంత మురిసిపోయి ఉండడు.

“ఒక్క టైలు పగిలిందో, తర్వాత పగిలేది నీ బుర్రే,” అన్నాడు మేస్త్రీతో. అని, నెలిదా వైపు తిరిగాడు. “నా ఇంట్లోకి వచ్చి నీ పెత్తనమేమిటి? దిగు కిందికి!”

“దిగితే వంటింటి కప్పు నా నెత్తిన ఊడిపడేలా ఉంది! దుప్పటంత చెమ్మ! నీ బాత్‌రూమ్ నీళ్లు కాకపోతే మరెవరివి? దేవుడు కారుస్తున్నాడా?”

“నువ్వు పొద్దస్తమానం ఏడుస్తుంటావుగా, ఆ ఏడుపుకే చెమ్మెక్కి ఉంటుంది.”

“మీ అమ్మ బతికుంటే నీ చెవి మెలిపెట్టేది!”

“మా అమ్మ పోయిందే నీ నోటికి జడిసి!”

బ్వేనోస్ ఐరెస్‌లో ఇంటి మీద ఇల్లు ఉన్న చోటల్లా ఈ భాగోతం ఉన్నదే. కింది వాళ్లకి చెమ్మ, పై వాళ్లకి మొండితనం. మధ్యలో నలిగేది ప్లంబరు.

“అమ్మా, సార్, కాస్త నోళ్లు కట్టిపెడతారా?” అన్నాడు గొదోయ్ విసుగ్గా. “తవ్వాక చూసుకోవడం కాదు, చూసుకుని తవ్వాలి.” సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. “రంగు పొడి. ఇది టాయిలెట్లో వేసి నీళ్లు వదులుతా. సాయంత్రానికి అమ్మగారి కప్పు మీద ఎరుపు కనబడిందా, ఈ నేల పగలగొడతా, ఖర్చంతా సారుదే. కనబడలేదా, ఈ టైల్స్ జోలికి రాను. చిటికెడు చాలు.”

“చిటికెడేమిటి? పొట్లమంతా వెయ్యి! లేకపోతే అది తుప్పు మరకని బుకాయిస్తాడు.”

“వెయ్యవయ్యా, వెయ్యి! నాకేం భయం?” అన్నాడు ఒరెస్తే.

గొదోయ్ పొట్లమంతా టాయిలెట్లో గుమ్మరించి ఫ్లష్ నొక్కాడు. నీళ్లు రక్తంలా తిరిగి లోపలికి పోయాయి. నెలిదా మొహంలో వెలుగు చూసి ఒరెస్తే కడుపు రగిలిపోయింది.

భయం లేదన్నాడు గానీ, ఆ రోజంతా తన చెప్పుల కొట్లో ఆయన మనసు మనసులో లేదు. సుత్తి దెబ్బలే చెవుల్లో మోగాయి. ఒకావిడకి రెండూ ఎడమకాలి చెప్పులే కట్టి పంపాడు. కింద నెలిదా వంటింట్లో కుర్చీ వేసుకుని, మెడ వెనక్కి వాల్చి, కప్పుకేసి చూస్తూనే ఉంది. పొయ్యి కూడా వెలిగించలేదు. మొదటి ఎర్ర చుక్క తన కళ్లతోనే చూడాలని ఆవిడ పంతం.

సాయంత్రం ముగ్గురూ ఆ వంటింట్లో చేరారు. గొదోయ్ నిచ్చెనెక్కి తెల్లటి గుడ్డతో చెమ్మనంతా ఒత్తి చూశాడు. మళ్లీ ఒత్తాడు. గుడ్డ తడిసింది గానీ తెల్లగానే ఉంది.

“ఎరుపు లేదమ్మా. ఇది వాన గొట్టంలోంచి గోడలోకి దిగిన తడి. సారు బాత్‌రూమ్‌ది కాదు.”

ఒరెస్తేకి పోయిన ప్రాణం లేచొచ్చింది. టైల్స్ దక్కాయి! అంతటితో ఊరుకుని ఇంటికి పోతే బాగుండేది. ఊరుకుంటే ఆయన ఒరెస్తే ఎందుకవుతాడు?

“మరి ఆ రంగంతా ఎటు పోయినట్టు?” అంది నెలిదా, ఇంకా నమ్మలేక.

“ఎటు పోతే నీకెందుకు? నీ నెత్తిన పడలేదుగా! మెట్ల మీద కనబడ్డవాళ్లకల్లా నా బాత్‌రూమ్ కారుతోందని టముకు వేశావే, ఇప్పుడు క్షమాపణ చెప్పు.”

“ఛస్తే చెప్పను.”

“నోటితో వద్దులే. నీ చేత్తో మాతె కలిపి ఇవ్వు. మేస్త్రీ సాక్షి.”

నెలిదా మొహం మాడిపోయింది. మాతె అంటే టీలాంటి ఆకు కషాయం, ఒకే సొరబుర్రలో, ఒకే గొట్టంతో, అయినవాళ్లు పంచుకు తాగేది. పడనివాణ్ణి తన ఇంట్లో కూర్చోబెట్టి పొయ్యడమంటే కాళ్లు పట్టుకున్నట్టే. కానీ పందెం ఓడింది, మూడో మనిషి చూస్తున్నాడు. కళ్లతోనే ఒరెస్తేని కాల్చేస్తూ, కెటిల్ మూతిని తడుముకుంటూ కుళాయికి పెట్టి నింపింది. కాగాక, సొరబుర్రకి కెటిల్ మూతి ఆనించి లోపలి ఆకు మీద పోసి, అతని ముందుకు తోసింది.

ఒరెస్తే తీరిగ్గా, చప్పుడయ్యేలా చివరిదాకా జుర్రాడు.

“అబ్బ! ఓడినవాళ్ల చేతి మాతె రుచే వేరు. ఇంకోటి.”

అదీ జుర్రాడు. పెదాలు నాకి, మొహం చిట్లించాడు. “కావాలనే చేదుగా కలిపావు. గుండెల నిండా విషమేగా నీకు! గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వు, పోతాను.”

“తాగి తగలడు. మళ్లీ నా గుమ్మం తొక్కావో, కాళ్లు విరగ్గొడతా!”

నెలిదా గాజు గ్లాసు ఒకటి అదే కుళాయి కింద పట్టి, అతని మీంచి చూపు తిప్పకుండానే నింపి, బల్ల మీద ఠంగుమని పెట్టింది.

గ్లాసులో నీళ్లు ఎర్రగా ఉన్నాయి.