ఎంత పోసినా నిండని రేడియేటర్

రాత్రివేళ చార్మాడి ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా సంకప్ప శెట్టి పాత కారు బానెట్ కింద ఆవిరి బుసకొట్టింది. కొండ పైన, చిక్కమగళూరు ఆసుపత్రిలో, కూతురికి నొప్పులు మొదలై రెండు గంటలైంది.

"రేడియేటర్ కడిగి కొత్తదానిలా చేశానన్నాడుగా నీ తమ్ముడు! వాడి చేతులు విరగ!" అని భార్య మీద మండిపడ్డాడు.

"ముప్పై ఏళ్ల డొక్కు మీది, తిట్లు మా వాడికా?" అంది వారిజ కారులోంచే.

ఇంజన్ చల్లారేదాకా అరగంట ఆగాడు. ఒక్క బండీ రాలేదు. రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి విప్పి, క్యాన్‌లోని ఐదు లీటర్ల నీళ్లూ పోశాడు. నీళ్లు పైకి కనబడలేదు. రోడ్డు పక్క ఊట దగ్గర నింపుకొచ్చి మళ్లీ పోశాడు. మూడోసారీ పోశాడు. టార్చి వేసి చూస్తే కారు కింద రోడ్డు పొడిగా ఉంది. గొట్టాలు ఎక్కడా కారడం లేదు. నీళ్లు ఇంజన్‌లోకి దిగాయేమోనని ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూశాడు. ఆయిల్ తెల్లబడలేదు.

మరి పదిహేను లీటర్లు ఎటు పోయినట్టు? ఒళ్లు మండి బంపర్‌ని ఒక్క తన్ను తన్నాడు.

కారు లోపల ఎవరో గుటక వేసిన చప్పుడైంది. కాసేపాగి ఇంకో గుటక.

"ఛీ, దరిద్రపు బండి!" అంటూ ఖాళీ క్యాన్ విసిరికొట్టాడు.

"ఏమండీ," వారిజ పిలిచింది. గొంతులో పోట్లాట లేదు. "ఇంకొంచెం తెచ్చి పోయండి. చాల్లేదంటోంది."

"ఎవరే అనేది?" అని అరిచాడు.

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరూ ఎక్కని వెనక సీటు వైపు తల తిప్పకుండా, అతని వంకే చూస్తోంది.

సంకప్ప కోపం ఇంకా చల్లారలేదు. అయినా క్యాన్ కోసం చీకట్లోకి వంగాడు.