మూడిళ్ల ముత్తాత

"ఆపు వీడియో!" టీచరమ్మ బల్ల మీద ఫెడీమని చరిచింది. "పొద్దుట్నుంచి ఈయన్ని చూడ్డం ఇది మూడోసారి!"

తమ ముత్తాత గురించి ఆరా తీసి వీడియో చేసుకురమ్మని తొమ్మిదో తరగతికి చెప్పింది ఆవిడే. బేకరీవాళ్ల అబ్బాయి వీడియోలో కళ్లజోడు పెద్దమనిషి, కండక్టరుగారి అమ్మాయి వీడియోలో టోపీ పెద్దమనిషి, ఇప్పుడు మొండిపిల్ల వీడియోలో బుర్రమీసాల పెద్దమనిషి. ముగ్గురిదీ అచ్చంగా ఒకటే ముఖం.

"కూడబలుక్కుని నెట్‌లోంచి ఎత్తుకొచ్చారన్నమాట. ముగ్గురికీ సున్నా!"

మిగతా ఇద్దరూ తల దించుకున్నారు. మొండిపిల్ల దించలేదు. క్లాసులో ఆ పేరు ఊరికే వచ్చిందా మరి!

"అది మా ఇంట్లో గోడకున్న ఫోటో టీచర్. నేను దొంగని కాదు."

"అయితే సోమవారంలోగా రుజువుతో ఇంకో వీడియో తీసుకురా, చూద్దాం."

ఇంటికి వెళ్తూనే కుర్చీ ఎక్కి ఫోటో దించింది. అమ్మమ్మ గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"మా నాన్న ఫోటో ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా!"

"మీ నాన్న నెట్‌లో దొరికాడంటున్నారు అమ్మమ్మా!"

"ఎవరే ఆ మాటన్నది? నాకు రెండేళ్లప్పుడు పోయాడాయన. నాకు మిగిలిందల్లా ఈ ముఖమే. పద, నేనూ వస్తా!"

ఫ్రేము వెనక అట్ట మీద ఫోటో స్టూడియో ముద్ర ఉంది. ఇద్దరూ సందులన్నీ గాలించి పట్టుకున్నారు. స్టూడియో ఇంకా నడుస్తోంది. కౌంటర్లో కొడుకు, మూలన ఎనభై దాటిన తండ్రి. మొండిపిల్ల ఫోన్లో రికార్డింగ్ నొక్కింది.

"ఇది మీరు తీసిన ఫోటోయేనా తాతగారూ?"

ముసలాయన ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"తీసింది కాదమ్మా, తయారుచేసింది. మనిషి పోయాక వచ్చేవాళ్లు. బతికుండగా తీయించుకున్న ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. పిల్లలకి చూపించుకోవాలి, ఏదో ఒకటి చేసిపెట్టమని ఏడ్చేవాళ్లు. ఎలా కాదనను? నా దగ్గరున్న ఒక్క ముఖానికే ఒకరికి కళ్లజోడు, ఒకరికి టోపీ, ఒకరికి మీసం కుంచెతో దిద్ది ఇచ్చేవాణ్ణి."

అమ్మమ్మ ముఖం పాలిపోయింది. "అంటే... ఈయన మా నాన్న కాదా? మా అమ్మకి తెలుసా?"

"తీసుకెళ్లినవాళ్లకి తెలుసు తల్లీ. పిల్లలకే తెలీదు."

అమ్మమ్మ అక్కడున్న కుర్చీలో కూలబడింది. తాను దొంగ కాదని తేలినందుకు సంతోషించాలో, అమ్మమ్మని చూసి ఏడవాలో మొండిపిల్లకి తెలియలేదు. అయినా ఫోన్ దించలేదు. మొదలుపెట్టాక సగంలో వదలడం దానికి చేతకాదు.

"మరి ఈ ముఖం ఎవరిది తాతగారూ?"

ముసలాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఫోటోలు తీసే స్టూలు మీదికెక్కి నిటారుగా కూర్చుని, అచ్చం ఆ ఫోటోలోలాగే గడ్డం కాస్త ఎడమకి తిప్పాడు.

అమ్మమ్మ గభాలున లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టేసుకుంది.

"నాన్నా!"