అన్నం తిని పడుకునే వాచీ

"గా డొక్కు గడియారానికి సర్వీసింగ్ ఒకటా? తీసి కుప్పల పారెయ్యక" అంది అత్త శాంత, అన్నం గిన్నె కింద పెడుతూ.

శ్వేత మొహం చిన్నబోయింది. అది పెళ్ళిలో ఆమె నాన్న అల్లుడికి పెట్టిన వాచీ. సెల్లు ఉండదు. చెయ్యి కదులుతుంటే దానంతటదే నడుస్తుంది. వెనక అద్దంలోంచి చూస్తే బియ్యపుగింజంత చక్రాలు తిరుగుతుంటాయి. పెళ్ళయి నెలే అయింది. ఆ చక్రాలు చూస్తూ సాగర్, తనూ ఒక సాయంత్రమంతా గడిపేశారు.

ఇప్పుడు దాని మీదే పంచాయితీ.

సాగర్ కోరుట్లలో మేనమామ హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తాడు. ఒంటిగంటకు ఇంటికొస్తాడు. వాచీ తీసి ఫ్రిజ్ మీద పెట్టి, అన్నం తిని, గదిలోకి వెళ్తాడు. ఆర్డర్లు వచ్చే ఫోను షాపులోనే ఉంటుంది. మధ్యమధ్యలో తలుపు సందులోంచి వాచీ చూసి "ఇంక ఇరవై నిమిషాలున్నయ్" అంటాడు. శ్వేత తన ఫోను వైపు చూడనే చూడదు. చూస్తే ఆ నిమిషాలు అయిపోతాయని భయం.

రెండుకు షాపులో ఉండాలి. చేరేసరికి రెండున్నర. పొద్దున టైము సరిచేసుకుని వెళ్ళినా అంతే.

"మీ అత్తగారోళ్ళు పెట్టింది గడియారమారా, ఎడ్లబండా?" అన్నాడు మేనమామ నిన్న, గిరాకీల ముందే. "సోమవారం దాక చూస్త. గప్పటికీ గిట్లనే అయితే, డబ్బా తెచ్చుకొని ఈడనే తిను."

డబ్బా అంటే ఆ గంట పోయినట్టే. శ్వేత కంచం పక్కకు జరిపింది.

"జగిత్యాల తీస్కపోయి చూపిస్త అత్తమ్మా."

"పో. ఆడ గూడ నవ్వుతరు. గడియారమంటే మీ మామ పెండ్లికి కట్టుకున్నది. ఒక్క నిమిషం తప్పలే. పదకొండో రోజు సరిగ్గ టైముకు మస్కట్ ఇమానం ఎక్కించింది. మల్ల రెండేండ్లదాక మొకం చూడలే" అని శాంత మూతి తిప్పుకుంది.

శనివారం శ్వేత వాచీ పట్టుకుని బస్సెక్కింది. ముప్పై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్న ఏసయ్య కంటికి అద్దం బిగించాడు. మూత తీశాడు. చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూత పెట్టేశాడు.

"దీనికి సర్వీసింగ్ అక్కర్లేదమ్మా. మంచిగుంది."

"మరి అరగంట ఎందుకు తగ్గుతుంది అంకుల్?"

"రాత్రి గూడ తగ్గుతదా?"

"లేదు. నా ఫోను పక్కకు పెట్టి చూసిన. నిమిషం తేడా లేదు."

"ఐతారం?"

"ఊహూ."

"మధ్యాన్నం ఏడ పెడ్తరు?"

"ఫ్రిజ్ మీద. అయస్కాంతం ఏమన్న..."

"అయస్కాంతం పడితే ఉరుకుతది గని ఎనకకు పోదు." ఏసయ్య వెటకారంగా నవ్వాడు. "అన్నం తిని పండుకునే వాచీని గిదే చూసుడు."

సోమవారం వచ్చింది. సాగర్ ఎప్పటిలాగే వాచీని ఫ్రిజ్ మీద పెట్టాడు. ఇదే ఆఖరి మధ్యాహ్నం కావచ్చనుకుంటూ శ్వేత గది తలుపు వేసింది. కాసేపటికి మంచినీళ్ళ కోసం చప్పుడు కాకుండా తలుపు తీసింది.

ఫ్రిజ్ దగ్గర అత్త, "డొక్కు గడియారం" అని గొణుక్కుంటూ, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, వాచీ కీ పైకి లాగి ముల్లును అరగంట వెనక్కి తిప్పుతోంది.