నాలుగో తాడు

ఊరికి దూరంగా, గుడారం వేసుకోవడానికి ఉచితంగా దొరికే చోటంటే ఇంతే: దీపం లేదు, నీళ్లు లేవు, పలకరించే నాథుడు లేడు. మెకానిక్‌కు కావలసిందీ అదే. ఉక్కపోతకు చొక్కా విప్పేసి గుడారంలో పడుకున్నాడు.

ఆ గుడారం వాళ్ల అన్నయ్యది. బతికున్నన్నాళ్లూ ఇల్లంతా తనే అనుభవించి, పోతూ పోతూ తమ్ముడికి వదిలింది ఇదొక్కటే. చిన్నప్పుడు ఇద్దరూ ఇందులోనే పడుకునేవాళ్లు. అన్న బయట గుడారం చుట్టూ తిరిగి నాలుగు తాళ్లూ మీటి, బిగువు చూసి, చివరి తాడు దగ్గర "పడుకున్నావురా?" అనేవాడు. బదులు వస్తేగానీ కదిలేవాడు కాదు.

గాలి స్తంభించింది. బయట ఒక తాడు టంగుమంది.

కాసేపటికి రెండోది. ఆ తర్వాత మూడోది. నాలుగోది సరిగ్గా తల పక్కనే మోగింది.

"పడుకున్నావురా?"

అన్న గొంతే. అయినా మెకానిక్ కోపం చావలేదు. 'ఛస్తే పలకను. తెల్లార్లూ అక్కడే నిలబడు' అని పళ్లు బిగించాడు.

"ఆ, పడుకున్నా అన్నయ్యా."

గొంతు అతనిదే. వచ్చింది మాత్రం అతని వీపు వెనక నుంచి, గుడారం లోపలి నుంచి.

"అన్నయ్యా, అది నేను కాదు!" అని అరవబోయాడు. నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు.

బయట అన్న అడుగులు, ఎప్పటిలాగే నమ్మేసి, దూరమయ్యాయి.