అగ్గిపెట్టె బొమ్మల ఆల్బమ్

“ముప్పై ఒకటో పేజీ ఫోటో మళ్ళీ కావాలట,” అంది భార్య, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

టైలర్ కత్తెర బల్ల మీద పడేశాడు. “పొద్దున్నే పంపాం కదా.”

“ఈసారి వెనకవైపుదట. బొమ్మల్ని మైదా జిగురుతో అతికించారా, బంకతోనా అని అడుగుతున్నాడు.”

“కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. ఏదో ఒకటి రాసిపారెయ్.”

పాత అగ్గిపెట్టెల మీది బొమ్మలు, నాలుగు వందల పైచిలుకు ఉన్న ఆల్బమ్ అది. ఇంటి అటక మీద పాత ట్రంకుపెట్టెలో దొరికింది. దాన్ని అమ్మి కొత్త కుట్టుమిషన్ కొనాలి. ఉన్న మిషన్ జానెడు కుట్టేసరికి దారం తెంపుతోంది. వారంలో కొత్తది రాకపోతే స్కూలు యూనిఫాంల పని వేరే కొట్టుకు పోతుంది.

పాత పుస్తకాల కొట్టువాడు ఆల్బమ్‌ను కిలోల లెక్కన తూస్తానన్నాడు. ఆన్‌లైన్‌లో పెడితే ఎక్కడెక్కడి వాళ్ళో చూస్తారని భార్యే నచ్చజెప్పింది. చూశారు, నిజమే. చూసి ప్రాణం తీశారు. ఒకడు నకిలీ అన్నాడు. ఇంకొకడు సగానికి సగం తగ్గించమన్నాడు. ఒకావిడ కొన్నట్టే కొని, రంగులు ఫోటోలో ఉన్నట్టు లేవని తిప్పి పంపింది. రానూపోనూ ఖర్చులు టైలర్ నెత్తిన పడ్డాయి. అమ్ముడైతే సైట్ వాళ్ళ వాటా సరేసరి.

ఇప్పుడు ఈ ‘అగ్గిపుల్ల’ తగులుకున్నాడు. సైట్‌లో అతను పెట్టుకున్న పేరు అదే. నాలుగు రోజులుగా ప్రశ్నలే ప్రశ్నలు.

“నెమలి బొమ్మ అంచు కాలి ఉందా అంటున్నాడు.”

“కొంచెం కాలింది. ఫోటోలో కనబడి ఉంటుంది. దాంతో ధర తగ్గిస్తాడు చూడు.”

“ఇవన్నీ ఎవరు పోగుచేశారని కూడా అడిగాడు. ఏం రాయను?”

టైలర్ సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పాడు. “నేనే అని రాయి. చిన్నప్పుడు వీధులన్నీ తిరిగి ఏరుకున్నానని రాయి. అలాంటి కథలుంటేనే కొంటారు.”

భార్య రాసింది. అవతలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“పోయాడు,” అన్నాడు టైలర్. “నాలుగు రోజులు మన బుర్ర తిని పోయాడు. ఈ ఆన్‌లైన్‌కో దండం. రేపు కిలోలకే ఇచ్చేస్తాను.”

“కాస్త ఓపిక పట్టండి,” అంటూండగానే ఫోన్ టింగుమంది. ఆమె రెండుసార్లు చదువుకుంది. “ఏవండీ, కొనేశాడు. బేరమైనా ఆడలేదు. మొత్తం కట్టేశాడు.”

టైలర్ కోపమంతా మరిచిపోయి మిషన్ల కొట్టుకు ఫోన్ చేశాడు. ఆల్బమ్‌ను మెత్తటి గుడ్డలో చుట్టి, చుట్టూ తనే కుట్టు వేయడం మొదలుపెట్టాడు.

“బిల్లు మీద మీ పేరూ, కొట్టు అడ్రసూ అతనికి కనబడతాయట,” అంది భార్య.

“కనబడనీ. రేపు బట్టలు కూడా కుట్టించుకుంటాడేమో.”

ఫోన్ మళ్ళీ టింగుమంది.

“ఇంకా ఏ పేజీ కావాలట?”

భార్య ఫోన్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“నా ఆల్బమ్ నాకే అమ్మావురా తమ్ముడూ.”