అచ్చుతప్పు

పెద్దావిడ ఇచ్చిన నాణెం చేతిలో పడగానే కండక్టర్ విజిల్ ఊదడం మరిచిపోయాడు.

బస్సు స్టాపులోనే ఆగి ఉంది. డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూసి, మళ్లీ మొదలైందిరా బాబూ అని గొణుక్కున్నాడు.

ఆ రూట్లో అందరికీ అతను 'భూతద్దం'. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. చొక్కా జేబులో భూతద్దం లేనిదే డ్యూటీ ఎక్కడు. చిల్లర చేతికొస్తే ముందు తిప్పి చూడాలి, తర్వాతే సంచిలో వెయ్యాలి.

తారీఖు రెండుసార్లు పడ్డవి, బొమ్మ పక్కకు జరిగినవి, ఒకవైపు అచ్చే పడనివి, అన్నీ ఈ బస్సులోనే ఏరాడు. తీసుకున్నదానికి బదులు తన జేబులోది సంచిలో వేసేవాడు. ఆ విషయంలో అతన్ని వేలెత్తి చూపేవాళ్లు లేరు.

వానొస్తే ఇంట్లో గిన్నెలన్నీ కారేచోట పెట్టాల్సి వస్తోందని, ఈయనగారేమో చిల్లర చూసుకుంటూ కూర్చుంటాడని భార్య దెప్పేది. ఇంటికి కొత్త కప్పు ఆ చిల్లరలోంచే వస్తుందని అతను ధీమాగా చెప్పేవాడు.

ఇప్పుడు వచ్చినట్టే ఉంది.

అది నర్సుల సేవకు గుర్తుగా ఎప్పుడో విడుదల చేసిన నాణెం. దాని మీద ఒక నర్సు ముఖం. అలాంటివి చాలానే చూశాడు. కానీ ఈ ముఖానికి ఎడమ కనుబొమను చీలుస్తూ సన్నని గీత ఉంది.

భూతద్దం పెట్టి చూశాడు. గోటితో తడిమాడు. గీత పైకి ఉబికి ఉంది. ఎవరో గీరితే పడ్డది కాదు, అచ్చులోంచే వచ్చింది.

తన నాణెం సంచిలో వేసి, దీన్ని పై జేబులో భద్రంగా పెట్టుకుని, అప్పుడు విజిల్ ఊదాడు.

అందులో అంత ఏముందని పెద్దావిడ అడిగింది.

అడిగేవాళ్లుంటే అతను ఆగుతాడా? నాణేలు కొట్టే అచ్చు పగిలితే ఇలా గీత పడుతుందని, తప్పు పడ్డ నాణేనికే బయట గిరాకీ అని, తప్పు లేనిది టికెట్టుకు తప్ప ఎందుకూ కొరగాదని వివరంగా చెప్పాడు.

"అది తప్పు కాదు నాయనా" అందావిడ.

"తాతకు దగ్గులు నేర్పకండమ్మా" అన్నాడు.

బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడా నవ్వింది. తర్వాత చేతిలోని నీలం గుడ్డసంచి వెతికి ఇంకో నాణెం తీసింది. కళ్లు సరిగా ఆనక పొరపాటున ఇచ్చానని, ఇది తీసుకుని అది ఇచ్చెయ్యమని మెల్లగా అడిగింది.

కండక్టర్ చెయ్యి పై జేబు మీదకు పోయింది. అంతలోనే సర్దుకున్నాడు.

"టికెట్ కొట్టేశానమ్మా. ఇక వెనక్కివ్వడం రూల్లో లేదు."

అలాంటి రూలేదీ లేదు. అది అతనికీ తెలుసు.

ఆవిడ రెండో నాణేన్ని మళ్లీ సంచిలో వేసుకుంది. ఆసుపత్రి స్టాపులో కడ్డీ పట్టుకుని నిదానంగా దిగింది. పూర్తిగా దిగేదాకా అతను విజిల్ ఊదలేదు. ఆ మాత్రం మంచితనంతో మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

డ్యూటీ దిగి నేరుగా నాణేల వ్యాపారి దగ్గరకు వెళ్లాడు. ఇద్దరిదీ పాత స్నేహమే, బేరం దగ్గర మాత్రం ఎవరికి ఎవరూ తీసిపోరు.

వ్యాపారి దీపం కింద చాలాసేపు చూసి, ఇది పగులు కాదన్నాడు.

"పగులైతే ఎటుపడితే అటు పాకుతుంది. ఇది కనుబొమ దగ్గర మొదలై, కనుబొమ దాటగానే ఆగింది. ఎవరో పనిగట్టుకుని చెక్కారు."

టంకశాలలోనే చెక్కి ఉండాలి, లేదా దొంగ నాణెమై ఉండాలి. ఇచ్చినావిడ వచ్చి ఎక్కడిదో తన నోటితో చెబితే అడిగినంత ఇస్తానని, లేకపోతే దమ్మిడీ కూడా ఇవ్వనని వ్యాపారి తేల్చేశాడు.

మర్నాడు పొద్దున్నే కండక్టర్ ఆసుపత్రికి బయల్దేరాడు. ఎంత అడగాలో దారి పొడుగునా లెక్కలు వేసుకున్నాడు. పెద్దావిడకూ వాటా ఇస్తాను, నేనేం అన్యాయపు మనిషిని కాను అనుకున్నాడు.

నీలం గుడ్డసంచి పెద్దావిడ అనగానే వాచ్‌మన్ ఒక వార్డు చూపించాడు. అక్కడ ఒక నర్సు దుప్పట్లు మడత పెడుతోంది.

"ఆవిడ నిన్న సాయంత్రం రైలుకే వెళ్లిపోయారండీ. ఇక చెల్లెలి దగ్గరే ఉంటారట. ఆ ఊరేదో మాకెవరికీ తెలీదు."

నర్సే మిగతాదీ చెప్పుకొచ్చింది. ఆవిడ ఈ వార్డులోనే పనిచేసి రిటైరయ్యారట. ఇక్కడ గుర్తుగా పెట్టుకోమని ఇవ్వడానికి ఒక నాణెం తెచ్చారట. తీరా సంచి తెరిచి చూసుకుని, అయ్యో, బస్సు టికెట్టుకు ఖర్చయిపోయిందే అని నవ్వేశారట.

కండక్టర్ గురించి ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు.

అతనికి చాలా సిగ్గుగా అనిపించింది. ఇంటి కప్పు పోతే పోయిందనుకుని, జేబులోంచి నాణెం తీసి నర్సు చేతిలో పెట్టాడు.

"మరి ఈ గీత ఏమిటమ్మా?" అని అడిగాడు.

"వార్డులో కిటికీ అద్దం పగిలితే, పేషెంటు మీద పడకుండా అడ్డం వెళ్లినప్పుడు తగిలిన గాటండీ. నాణెం మీద మచ్చ బాగుండదని మిగతా అన్నిట్లో చెరిపేశారు. అచ్చు చెక్కినాయన మాత్రం మొదటిది ఉన్నదున్నట్టు కొట్టించి ఆవిడకే ఇచ్చాడట."

"ఆవిడకే ఎందుకు?"

నర్సు తలెత్తి అతని వంక వింతగా చూసింది.

"ఎందుకేమిటండీ, ఆ ముఖం ఆవిడదే, కనుబొమ మీద ఆ గాటు ఇప్పటికీ అలాగే ఉంది, టికెట్టు ఇచ్చేటప్పుడు మీరు చూడలేదా?"