అంతా మిషను చలవే

"ఆపరా, ఆపు! ముందు సక్రాలు లేసిపోతన్నాయి!"

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ట్రాక్టరు ముందు చక్రాలు ధబ్బున నేల మీద పడ్డాయి. వెనక తగిలించిన కర్రలు చీల్చే మిషనులో చింత మొద్దు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. చీల్చే ఇనుప మొన జానెడు లోతు దిగి అక్కడే బిగుసుకుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

మిషను యజమాని రామూర్తి నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఇవాళ మేనకోడలు హేమలత పెళ్లి. మగపెళ్లివారు పూండి స్టేషన్లో దిగి గంటలో వచ్చేస్తారు. వాళ్లకు వేడివేడి భోజనం పడాలి. గాడిపొయ్యి మీద గంగాళాలు ఎక్కాయి గాని పొయ్యిలో చిన్న పుల్ల కూడా లేదు. "కర్రల మాట నాకొదిలీ బావా, పెళ్లినాడు పొద్దున్నే మిషనెట్టి కొండలా పోసేత్తాను" అని ఊరందరి ముందూ మాటిచ్చింది రామూర్తే.

పెళ్లింటి వెనక దొడ్లోకి బావ ఢిల్లేశ్వరరావు వచ్చాడు. పెళ్లికూతురి తండ్రి కదా, మొహం మాడిపోయి ఉంది.

"ఏటి రామూర్తీ, నీ మిషను మొద్దుని సీల్సిందా, మొద్దే నీ మిషన్ని మింగీసిందా?"

"తుపానుకి కూలిన సింత బావా. మెలి తిరిగిపోయున్నాది. ఎవరైనా గొడ్డలట్టుకొచ్చి పక్కన రెండేట్లేత్తే వదిలేత్తాది."

చుట్టూ చేరిన జనంలోంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"గొడ్డలెక్కడుందయ్యా ఊర్లో? పోయిన నెల నువ్వే కదేటి అన్నీ అట్టుకుపోనావు!"

ఆ మాట నిజం. మిషను ఊళ్లోకి వచ్చిన కొత్తలో, గొడ్డలి ఇచ్చినవాళ్లకు మొదటి బండి కర్రలు ఉచితంగా చీలుస్తానని రామూర్తి దండోరా వేయించాడు. జనం ఎగబడి ఇచ్చారు. ఒక్క గొడ్డలీ మిగలకపోతే ఊరంతా తన మిషను చుట్టూ తిరుగుతుందని అతని లెక్క. ఇనుమంతా పలాసలో పాత సామాన్ల కొట్లో తూకానికి వేసి వచ్చాడు. ఆరోజు అంత తెలివైనవాడు ఉద్దానంలో తనొక్కడేననుకున్నాడు. ఇప్పుడు అదే తెలివి గొంతుకు అడ్డం పడింది.

"పోనీ ఇంకెవరింట్లోనైనా సీల్సిన కర్రలున్నాయేమో సూడండి" అన్నాడు రామూర్తి, సగం గొంతుతో.

"మిషనొచ్చిందని అందరం మొద్దుల్నే పేర్సుకున్నాం కదయ్యా! కొబ్బరి మట్టలున్నాయి, తెమ్మంతావా? గంగాళం అడుగు వెచ్చబడేలోగా బూడిదైపోతాయి."

రామూర్తి భార్య తవిటమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది.

"పెళ్లోరొచ్చీసే వేళయింది. ఏటి సేత్తావు?"

"సూత్తన్నావు కదే! మొద్దు వదిలీదాకా ఆగమను."

"గంగాళాలకి సెప్పనా, పెళ్లోరికి సెప్పనా?"

జనం ఘొల్లుమన్నారు. రామూర్తికి ఒళ్లు మండిపోయింది. ఈ మిషను కొన్ననాటినుంచీ ఆవిడ వరస ఇంతే. వంటిల్లు కారిపోతోంది, ఆకు కప్పించమని రెండేళ్లుగా పోరుతోంది. అది వదిలేసి మిషను తడిసిపోతుందని దానికి సరుగుడు రాటలతో కొత్త పాక వేయించాడని ఆవిడ కడుపుమంట. 

"ఎగతాళి సాలించి ఇంటికెల్లు! మనింట్లో ఏ కర్రలుంటే అయ్యి మోయించుకురా!"

"ఏవైనా సరేనా?"

"ఏవైనా సరే! నా పరువు నిలబెట్టు, పో!"

తవిటమ్మ నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని చరచరా వెళ్లిపోయింది.

రామూర్తి మళ్లీ మొద్దు మీద పడ్డాడు. గునపంతో పొడిచాడు, బండరాయితో మోదాడు, డ్రైవర్ని తిట్టాడు. ఈ లోపల ఇంటి ముందునుంచి పొగ లేచింది. కాసేపటికి పప్పు ఉడుకుతున్న వాసన, ఆ వెనకే గుమ్మడికాయ కూర వాసన వచ్చాయి. రామూర్తి ప్రాణం లేచొచ్చింది. పాత కర్రలేవో అటక మీద దాచి ఉంటుంది, గడుసుది, అనుకున్నాడు. మిషను మీద టార్పాలిన్ కప్పించి, కాళ్లు కడుక్కుని, పంచె మార్చుకుని పందిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

మగపెళ్లివారు వచ్చారు. విస్తళ్లు పడ్డాయి. అన్నం మీద పొగలు చూసేసరికి రామూర్తి గొంతు మామూలుకు వచ్చేసింది.

"ఇంత వంట ఇంత తొరగా ఎలగయ్యిందనుకున్నారు బావగారూ? మా మిషను సలవే! ట్రాక్టరుకి తగిలిత్తే సాలు, సింత మొద్దయినా నిమసంలో సీలిపోద్ది."

"అలగా!" పెళ్లికొడుకు తండ్రి కలిపిన ముద్ద ఆపాడు. "మాకూ ఒకటి కొనాలనుంది. ఏదండీ, ఓపాలి సూద్దుమా?"

దొడ్లోకి తీసుకెళితే పరువు గంగలో కలుస్తుంది.

"ఇక్కడ నేదండి. పనయిపోయింది కదా, మా ఇంటికాడ పాకలో ఎట్టీసినాం. దాని కోసమని పెత్యేకం ఏయించిన పాక!"

"అయితే భోజనాలయ్యాక ఆ పాక కాడికే ఎల్దుం."

పప్పు బాల్చీతో పంక్తి వెంట వస్తున్న తవిటమ్మ, వియ్యంకుడి విస్తరి ముందు వంగి ఇంకో గరిటె వడ్డించింది.

"పాక సూడ్డానికి అంత దూరం ఎందుకు అన్నయ్యగారూ, పొయ్యికాడికి రండి. ఇంకా రెండు రాటలు కాలకుండా ఉన్నాయి."